ముడి, అతుకు, గేటు గొలుసు

రిటైరైన మనిషిని పిలిచి సలహా అడిగేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలి. అడిగినదానికి జవాబు వస్తుందో రాదో గానీ, అడగనివన్నీ వస్తాయి. ఈమధ్య రాజమండ్రిలో కొత్తగా చేరిన కరెంటు కుర్రాళ్లకి ట్రైనింగు పెట్టి, వాళ్లకోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారుచేస్తూ నన్నూ రమ్మన్నారు. లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగినవాణ్ణి కదా, పనిలో వాడే మాటలు తెలుస్తాయని వాళ్ల నమ్మకం. వెళ్లి కూర్చున్నాను. టీ ఇచ్చారు, టీ బాగానే ఉంది. పుస్తకం మొదటి పేజీలోనే ‘సంధాన బిందువు’ అని ఉంది.

“ఏంటమ్మా ఇది?” అన్నాను.

“కనెక్షన్ పాయింట్ అండి,” అంది పుస్తకం రాస్తున్న అమ్మాయి.

“స్తంభం కింద నిలబడి ‘సంధాన బిందువు జాగ్రత్త’ అని అరిచావనుకో, పైనున్నవాడు ఎవరో పురాణం చెబుతున్నారనుకుని దణ్ణం పెట్టుకోడానికి రెండు చేతులూ వదిలేస్తాడు. వద్దు తల్లీ.”

“మరేం రాయమంటారండి?”

అక్కడ చిక్కుకుపోయాను. మనకి మాట లేక కాదు, ఎక్కువై. తాడుకి ముడి. విరిగినదానికి, చిరిగినదానికి అతుకు. మోకాలికీ మోచేతికీ కీలు. చెరుక్కీ వెదురుకీ కణుపు. గొలుసుకి లంకె. దారులు కలిస్తే కూడలి. రాజులు కలిసినా, అక్షరాలు కలిసినా సంధి. ఇవన్నీ రెండు కలిసే చోట్లే, అయినా ఒకదాని బదులు ఒకటి వాడితే నవ్వుతారు. చెడిపోయేటప్పుడు చూడండి, దేని దారి దానిదే. ముడి విడుతుంది. అతుకు ఊడుతుంది. కీలు తొలగుతుంది. లంకె తెగుతుంది. కణుపు మటుకు విరిచినా అక్కడినుంచే మళ్లీ మొలకేస్తుంది. మా లైన్‌మన్లు ఇవేవీ పెద్దగా అనరు, జాయింటు అంటారు, లేదంటే జంపరు అంటారు. అందులోనూ చేత్తో మెలితిప్పి కలిపినదాన్ని ముడి అనీ, స్లీవు అనే లోహపు గొట్టంలో దూర్చి నొక్కినదాన్ని అతుకు అనీ అనేవాడు మా సెక్షన్‌లో ఒకతను ఉండేవాడు. ఆ అమ్మాయికి అతని సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా చెప్పాను. ఆవిడ పుస్తకం ఆ పూట ముందుకి కదల్లేదు.

అతనిది పెద్దాపురం. నాకు చుట్టమూ కాదు పక్కమూ కాదు. ఎలా మొదలైందో గుర్తులేదు, నేనతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్ను బావగారూ అనేవాడు. మా సెక్షన్ గోదావరికి పడమటి పక్క, ఒకప్పుడు వరి, తరవాత అంతా రొయ్యల చెరువులు. బావ వేసిన అతుకు ఊడటం నేను చూడలేదు. నోరు మాత్రం ఎప్పుడూ ఊడిపోయే ఉండేది. పని ఎక్కడైనా సరే, ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి, స్విచ్చి దించి, పెట్టెలో ఫ్యూజులు బిగించే పింగాణీ గ్రిప్పులు లాగి తన గుడ్డసంచిలో వేసుకునేవాడు. ఇక ఎవడొచ్చినా కరెంటు వెయ్యలేడు. గ్రిప్పులు లేవు కదా మరి. ఆ సంచి భుజాన తగిలించుకుని స్తంభం ఎక్కేవాడు. “మా ఆవిడ మాంగల్యం నా సంచిలో ఉందండి బావగారూ,” అనేవాడు. మా సెక్షన్‌లో అందరిదీ అదే అలవాటు. పద్ధతి చెడ్డది కాదు. తీగకి కరెంటు ఒక్క వైపునుంచే వచ్చే కాలంలో పుట్టిన పద్ధతి, అంతే.

అలాంటి సెక్షన్‌కి కాకినాడ నుంచి ఒక అమ్మాయి ఏఈగా, అంటే మా అందరి మీదా ఇంజనీరుగా వచ్చింది. మొదటి పోస్టింగు. సన్నగా, అద్దాలు, చేతిలో ఎప్పుడూ మడిచిన గొడుగు. వచ్చిన రోజు ఆఫీసు గేటు దగ్గరే ఆగిపోయింది.

“ఈ గొలుసు ఇక్కడెందుకు ఉంది?”

గేటుకి తాళం వేసే గొలుసు అది. నిజానికి మాకిచ్చిన రెండు ఎర్త్ చెయిన్లలో ఒకటి. పని చేసే చోట తీగలన్నిటికీ ఆ చెయిన్ తగిలించి, రెండో కొస ఇనప కడ్డీతో నేలలో దిగేస్తారు. పొరపాటున కరెంటు వస్తే మనిషిని వదిలేసి భూమిలోకి పోతుంది. అసలు గేటు గొలుసు ఎప్పుడో పోయింది. రెండో చెయిన్ మూల పడి ఉంది కదా అని ఎవరో గేటుకి కట్టారు. దానికి తాళం కూడా పడింది. ఇంకేం కావాలి?

“గేటుకి షాకు కొట్టకుండానండి,” అన్నాడు బావ. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. పనికి వెళ్లినప్పుడల్లా “రెండు పక్కలా వేశారా?” అని అడిగేది. ఒకే చెయిన్ వేశామంటే మొహం ముడుచుకునేది. వారం తిరక్కుండా ఆవిడకి ‘రెండు పక్కల మేడమ్’ అని పేరు పెట్టేశాం. పెట్టింది బావే. నాకు అది బాగా నచ్చి నలుగురికీ చెప్పాను.

ఇక ఆ రోజు. వానాకాలం. ఎండ మొహం చూసి వారమైంది, ఒకటే ముసురు. అలాంటప్పుడు చెరువు నీళ్లలో గాలి తగ్గిపోతుంది. నీళ్లని చిలికే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. ఆగితే రొయ్య పైకి తేలి గట్టు పట్టుకుంటుంది. అప్పటికీ తిప్పకపోతే తెల్లబడి అడుక్కి పోతుంది. ఆ తెల్లారుజామున గాలికి తాటిమట్ట ఒకటి విరిగి లైను మీద పడి తీగ తెంపేసింది. తెగిన చోటికి ఇవతల ట్రాన్స్‌ఫార్మర్, అవతల చెరువులు.

మేం వెళ్లేసరికి రైతు గట్టు మీద అటూ ఇటూ పరుగులు తీస్తున్నాడు. కౌలుకి తీసుకున్న చెరువులు. పట్టుబడికి, అంటే వలేసి పట్టి అమ్మడానికి సిద్ధంగా ఉన్న రొయ్య. ఇంట్లో ఉన్న బంగారమంతా ఆ నీళ్లలోనే ఉందని ఊరందరికీ తెలుసు.

“తొరగా కానివ్వండి బాబూ! ఇప్పుడే నాలుగు పైకొచ్చాయండి. మీకు దణ్ణం పెడతాను!”

“జనరేటర్ లేదా?” అన్నాను.

“చచ్చి పడుందండి. నిన్నట్నుంచీ మా బావమరిది దాంతోనే కుస్తీ పడతన్నాడు. అది లేచేదా చచ్చేదా!”

బావ అప్పటికే స్విచ్చి దించి, గ్రిప్పులు లాగి, సంచిలో వేసుకుని వచ్చేశాడు. నిచ్చెన ఆనించాడు. ఉన్న ఒక్క చెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ వైపు తగిలించాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడో లేదో మేడమ్ స్కూటీ మీద వచ్చింది. మట్టిలో జారి పడబోయి నిలదొక్కుకుని గొడుగు విప్పింది.

“చెరువుల వైపు వేశారా?”

“అటునుంచి ఏం వత్తదండి మేడమ్? మహా అయితే నీళ్లు వత్తాయి.”

“జనరేటర్?”

“చచ్చిపోయిందంటన్నారు కదండీ.”

ఆవిడ గొడుగు ముడిచింది. వాన పడుతూనే ఉంది, ఎందుకు ముడిచిందో నాకిప్పటికీ తెలీదు. “ఈ తీగకి కరెంటు వచ్చే చోట్లు ఎన్ని ఉన్నాయి?” అని అడిగింది, బడిలో అడిగినట్టు.

“ఒకటండి. అది నా సంచిలో ఉంది.”

“అటు చూడండి. గట్టు పొడుగునా ఎన్ని మోటార్లకి వైర్లు దిగాయో అన్నీ ఈ తీగకే కలిశాయి. కరెంటు ఇటునుంచి అటు వెళ్లే దారి అటునుంచి ఇటు రావడానికి కూడా దారే. రెండో చెయిన్ తెప్పించండి.”

నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో చెయిన్ గేటుకి ఉంది.

“ఇప్పుడా!” అన్నాడు రైతు. ఆ ఒక్క మాటలో మనిషి సగమైపోయాడు.

బండేసుకుని నేనే వెళ్లాను. బురదలో బండి ముందుకి పోదు, నేను తిట్టడం ఆగదు. మేడమ్‌నీ, తాటిమట్టనీ, గేటుకి చెయిన్ కట్టినవాణ్ణీ వరసగా తిట్టాను. తీరా వెళితే గేటుకి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో ఆ భగవంతుడికే తెలియాలి. బండరాయి తీసుకుని తాళం పగలగొట్టాను. సొంత ఆఫీసు తాళం పగలగొట్టిన మహానుభావుణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. గేటు బార్లా తెరిచి చెయిన్ భుజాన వేసుకుని వచ్చాను. లోపల దొంగలెత్తుకుపోయేంతటి నిధులేమీ లేవు.

నేను తిరిగొచ్చేసరికి రైతు మేడమ్ ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు.

“మీరు చదువుకున్నోళ్లండి! మా రొయ్యలు చదువుకోలేదండి! ఆటికి మీ రూల్సు తెలవ్వండి! అయ్యన్నీ తేలి చచ్చాక వైరు కలిపి ఏం చేసుకోమంటారు, మెడకేసుకోమంటారా?”

ఆవిడ పూర్తిగా తడిసిపోయి నిలబడి ఉంది. “రెండు పక్కలా వేశాకే ఎక్కుతారు,” అని మాత్రం అంది.

రైతు బావ వైపు తిరిగాడు. “నువ్వయినా చెప్పవయ్యా. నీకు తెల్దా ఈ పని?”

“చెప్తే ఇంటారా?” అన్నాడు బావ, ఆవిడకి వినపడేంత మెల్లగా.

నిజం చెప్పొద్దూ, నా మనసు కూడా రైతు వైపే ఉంది. గట్టు దిగువన నీళ్ల అంచున రొయ్యలు బారుగా చేరి మీసాలు పైకెత్తి ఉన్నాయి. 

బావ విసురుగా రెండో చెయిన్ చెరువుల వైపు తీగలకి తగిలించి, కడ్డీని నేలలో పొడిచాడు. పొడిచిన తీరు చూస్తే ఎవరి మీద కోపమో తెలిసిపోతుంది. ఎక్కాడు. కింద మరోడు తాడుతో తీగ అందించాడు. బావ తెగిన కొసలు రెండూ దగ్గరికి లాగి, స్లీవులో ఒక కొస దూర్చాడు. రెండో కొస చేతిలో ఉంది.

అప్పుడు పేలింది. రెండో చెయిన్ కొక్కెం దగ్గర నీలంగా ఒక మెరుపు, టపాసులాంటి చప్పుడు, కాలిన ఇనుము వాసన. ఆ వెంటనే చెరువు షెడ్డులోనుంచి జనరేటర్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

 బావ పైన స్తంభాన్ని కావలించుకుని అలాగే ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. సంచి భుజాన వేలాడుతోంది, అందులో గ్రిప్పులు భద్రంగానే ఉన్నాయి.

“ఓరి నా బావమరిదీ!” అని ఒక్క కేక పెట్టి రైతు షెడ్డు వైపు పరుగెత్తాడు. గట్టు మీద రెండుసార్లు పడ్డాడు.

జరిగింది ఇది. మేం చెయిన్ కోసం ఆగి, తెచ్చి వేసి, బావ పైకెక్కేసరికి ఆ బావమరిది జనరేటర్‌ని ఎలాగో బతికించాడు. లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా చూసే మార్పిడి స్విచ్చి కిందటి నెలలోనే కాలిపోయింది. అప్పట్నుంచీ రెంటినీ ఒకే బోర్డుకి తిన్నగా ముడేసి, టేపు చుట్టి నడిపిస్తున్నారు. మీటలన్నీ పైకే ఉన్నాయి. జనరేటర్ అందుకోగానే కరెంటు మోటార్లకీ వెళ్లింది, మా తీగలోకీ వచ్చింది. రైతు అబద్ధమాడలేదు. బావమరిది చెడ్డపని చెయ్యలేదు, చచ్చినదాన్ని లేపానని సంబరపడ్డాడు. బావ అలవాటు తప్పలేదు. అందరూ ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. మాలో ఎవరికీ ఆ తీగ కీలు తెలీదు.

బావ దిగి బురదలోనే కూర్చున్నాడు. బీడీ తీశాడు. అగ్గిపుల్ల గీస్తే వెలగలేదు. ఇంకొకటి గీశాడు, అదీ వెలగలేదు. పెట్టె తడిసిందనుకున్నాడు. తడవలేదు, పుల్లని తల్లకిందులుగా పట్టుకుని గీస్తున్నాడు. నేను గీసి వెలిగించి ఇచ్చాను.

మేడమ్ షెడ్డు దాకా నడిచి వెళ్లి, జనరేటర్ వైర్లు విప్పించి, విప్పిన కొసలు తన కళ్లతో చూసి వచ్చింది. “వేరేవాళ్లని ఎక్కిస్తాను, మీరు కూర్చోండి,” అంది బావతో.

“నా అతుకు ఇంకోడు పూర్తి చేత్తాడా?” అని లేచాడు బావ. ఎక్కి పూర్తి చేశాడు. కరెంటు వచ్చింది. గట్టు పక్క చెరువులో సరుకు సగానికి పైగా పోయింది. అవతల చెరువులు నిలబడ్డాయి. రైతు మేడమ్ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

సాయంత్రం టీకొట్టు దగ్గర పంచాయితీ పెట్టాం. “ఆవిడ లేకపోతే పోయేవాడివి,” అన్నారు ఒకరు.

“ఆవిడ ఆపకపోతే జనరేటర్ లేవకముందే నేను దిగిపోయేవోణ్ణి. ఆ సెరువూ మిగిలేది,” అన్నాడు బావ.

“లేచేటప్పటికి చెయిన్ లేకుండా పైనే ఉండేవాడివేమో?”

“ఏమో!”

ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. ఎన్నోసార్లు మనసులో వేసుకున్నాను, ఒకసారి దిగిపోతాడు, ఒకసారి దిగడు. ట్రైనింగు కుర్రాళ్లకి చెబితే వాళ్లూ రెండు జట్లయి వాదించుకున్నారు. వాదించుకోండి అన్నాను. దిగిపోయేవాడే అనుకున్నా సరే, అది అదృష్టం లెక్కలోకి వస్తుంది గానీ పని లెక్కలోకి రాదు.

మర్నాడు చెరువులు పట్టుబడి చేసేశారు. మధ్యాహ్నం నేను బావ ఇంటికి వెళ్లాను, మనిషి ఎలా ఉన్నాడో చూద్దామని. నేనెళ్లేసరికి వీధిలో రైతు. చేతిలో బుట్టెడు రొయ్యలు, బతికినవాటిలో పెద్దవి ఏరినట్టున్నాడు. గుమ్మంలో పెట్టి, బావ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి వదిలి వెళ్లిపోయాడు.

“ఎందుకండీ ఇన్ని?” అంది బావ భార్య.

“పట్టుబడి కదా,” అన్నాడు బావ.

ఆవిడకి చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నన్ను భోజనానికి ఆపారు. ఇగురు పెట్టింది, చేతి నేర్పు తెలిసిన మనిషి. నేను రెండోసారి వడ్డించుకున్నాను. బావ ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు.

“ఏంటండీ తినరూ? ఉప్పెక్కువైందా?”

“లేదు. బాగుంది.” కలిపిన ముద్ద పళ్లెంలోనే పెట్టేశాడు. “ఒక గిన్నెలో తీసి మూతపెట్టు. బావగారు పట్టికెళ్లి మేడమ్‌కి ఇత్తారు.”

“ఏ మేడమ్?”

“రెండు పక్కల మేడమ్.”

నాకు అలవాటుగా నవ్వొచ్చింది. బావ వైపు చూసి ఆపుకున్నాను. భార్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.  అడుగున ఉన్న పెద్ద రొయ్యలు ఏరి గిన్నె నింపింది.

ఆ గిన్నె పట్టుకుని మేడమ్ అద్దెకున్న ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది. ముందురోజు తడిసినందుకు జ్వరం తగిలింది, శాలువా కప్పుకుని ఉంది. గిన్నె ఇచ్చి, ఎవరు పంపారో చెప్పాను. మూత తీసి చూసింది.

“నేను తిననండి ఇవి.”

“అయ్యో, తెలీదండి. పట్టుకెళ్లిపోతాను.”

“వద్దొద్దు. ఉంచండి.” మూత పెట్టి రెండు చేతులతో పట్టుకుంది. “ఆయన భోంచేశారా?”

“ముద్ద దిగలేదండి.”

 ముందురోజు వానలో అన్ని మాటలు పడి చలించని మనిషి. ఈవిడది రాతిగుండె అనుకున్నాను నేను.

“మీరు చెయిన్‌కి వెళ్లినప్పుడు ఆ రైతు నా కాళ్ల మీద పడబోయాడండి. పోన్లే, ఎక్కెయ్యమని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అంతలో మీ బండి చప్పుడు వినపడింది,” అంది. “మీరు ఇంకొక్క నిమిషం ఆలస్యమై ఉంటే సరే అనేసేదాన్నండి.”

 గిన్నె లోపల పెట్టి వచ్చి, గేటుకి వేరే గొలుసు కొనమని డబ్బులు నా చేతిలో పెట్టింది.